సున్నాకు దిగువనున్న గాలి

కంటికి కానరాక, చేతికి చిక్కక, అడగకుండానే సకల జీవులకు ఊపిరియై నిలిచిన వాయుదేవా, నీకు నమస్కారం. లోపలికి ప్రాణమై వచ్చి, వెలుపలికి పోతూ మళ్ళీ వస్తానన్న నమ్మకమిచ్చే స్వామీ, నీలో విషం కలిసిన ఒక పగటి కథ చెప్పబోతున్నాను. నా మాట తడబడకుండా చూడు.

ఆసుపత్రుల దుప్పట్లు ఉతికే పెద్ద లాండ్రీ అది. వెనుకవైపు బాయిలర్ గది. ఇరవై రెండేళ్లుగా అక్కడ ఆవిరిని అదుపులో పెడుతున్నవాడు ఒక యువ పరిశోధకురాలికి స్వయానా బాబాయి. తండ్రి పోయిన ఏటినుంచి ఆమెను చదివించినవాడూ ఆయనే. నాలుగేళ్లు ప్రయోగశాలలో కూర్చుని ఆమె తయారుచేసిన గ్యాస్ సెన్సరుకు నిజమైన పనిచోట తొలి పరీక్ష కావలసివస్తే, లాండ్రీ సూపర్‌వైజరును బతిమాలి ఒప్పించినవాడూ ఆయనే.

ఆ పరికరానికి గుండెకాయ గోరంత పలక. దానిమీద తగరపు ఆక్సైడును ఆమె చెట్టులా పెంచింది. కొమ్మకు రెమ్మలు, రెమ్మకు అదే పోలికలో చిరురెమ్మలు, వాటికీ మళ్ళీ అదే పోలిక; సూక్ష్మదర్శినిలో ఎంత లోతుకు చూసినా తాతను అచ్చుగుద్దిన మనవలే. ఇటువంటి అల్లికను ఫ్రాక్టల్ అంటారు. గోరంత చోటులో గాలి తాకడానికి అంత మేర ఉండబట్టే, రంగూ వాసనా లేని విషవాయువు కార్బన్ మోనాక్సైడ్ రవ్వంత పెరిగినా అది పసిగడుతుంది.

"ఇదేనా నీ చెట్టు? రోజూ నీళ్లు పోస్తున్నావా?" అన్నాడు బాబాయి, స్పానరుతో మెడ గోక్కుంటూ.

"దానికి గాలి చాలు బాబాయ్. ఐదు నిమిషాలు వేడెక్కాలి. అప్పుడు చుట్టూ ఉన్న గాలిని సున్నాగా పెట్టుకుని, ఆపైన పెరిగిందే చూపిస్తుంది."

ఆయన ముచ్చటపడుతున్నాడని ఆమె దానిని ఆ గదిలోనే, ఆయన కళ్లెదుటే ఆన్ చేసింది. సున్నా వచ్చింది. అరగంట గడిచినా ఆ సున్నా కదలలేదు.

"చూశావా, నా గది గాలి కడిగిన ముత్యం," అన్నాడాయన, కణతలు నొక్కుకుంటూ.

"అవును బాబాయ్, గాలి బాగానే ఉంది," అన్నదామె.

సూపర్‌వైజరు గుమ్మంలో నిలబడి నవ్వాడు. "సున్నా చూపించడానికి నాలుగేళ్లు చదవాలా అమ్మా? మా గోడ గడియారం ఆగి ఏడాదైంది. అదీ కదలదు."

ముఖం చిన్నబుచ్చుకుని ఆమె పరికరాన్ని పెరట్లోకి తెచ్చుకుంది. వెనుక బరువైన తలుపు దానంతటదే మూసుకుంది. బల్లమీద పెట్టగానే అంకె కదిలింది. మైనస్ నలభై. మైనస్ నూట ఇరవై. పలకమీది రెమ్మలు విరిగాయనుకుందామె. నాలుగేళ్ల కష్టం కళ్లముందే పొడి అవుతోందనుకుంది.

కాని విరిగిన పలక ఇలా ప్రవర్తించదు. అంకె గెంతాలి, వణకాలి. ఇది మెట్లు దిగినంత నింపాదిగా దిగి మైనస్ మూడువందల పది దగ్గర కుదురుకుంది. పెరటి గాలికి ఆమె తలబరువు కొంచెం విడివడింది. ఇంతసేపూ తన తల బరువుగా ఉన్నదని అప్పుడే తెలిసింది.

పరికరం నిజమే చెబుతోంది. పెరట్లో గాలి శుభ్రం. సున్నా అని తాను నమ్మినదే విషం.

"బాయిలర్ ఆపండి సార్. లోపల గ్యాస్ నిండి ఉంది. బాబాయి లోపలే ఉన్నాడు," అన్నదామె, తన వెనకే పెరట్లోకి వచ్చిన సూపర్‌వైజరుతో.

"ఇప్పుడేగా సున్నా అన్నావు?"

"విషపు గాలిలో సున్నా పెట్టాను. తప్పు నాదే."

"మైనస్ చూపించే మిషన్ను నమ్మి ఆపమంటావా? సాయంత్రానికి ఎనిమిది వందల దుప్పట్లు పోవాలి. మళ్ళీ సరిగ్గా పెట్టి చూపించు, అప్పుడాపుతా."

సరిగ్గా పెట్టాలంటే ఐదు నిమిషాలు. తన పలకకు సాక్ష్యం ఆ ఐదు నిమిషాలలోనే ఉంది. ఆమె దానిని ఆర్పి, మళ్ళీ వెలిగించి సూపర్‌వైజరు చేతిలో పెట్టింది.

"ఇక్కడే పట్టుకోండి. సున్నా పడ్డాక తలుపు దగ్గరికి రండి. నేను ఆగలేను."

ఊపిరి బిగబట్టి తలుపు తోసి, అది మూసుకోకుండా అడ్డంగా దుప్పట్ల ఇనుపబుట్ట నెట్టింది. బాబాయి స్టూలుమీద కూర్చుని చిరునవ్వు నవ్వుతున్నాడు. స్పానరు నేలమీద ఉంది.

"బడి అయిపోయిందా అమ్మడూ? అప్పుడే వచ్చేశావేం?"

ఆమె బదులు చెప్పలేదు. చెబితే ఊపిరి పోతుంది. చంకల కింద చేతులు వేసి లాగింది. ఆయన కాళ్లు తడిగుడ్డల్లా వచ్చాయి. సగం దూరంలో ఇక ఊపిరి బిగబట్టలేకపోయింది; ఒక్క గుక్క పీల్చింది, కళ్లముందు నల్లచుక్కలు లేచాయి. గడప దాటించేసరికి మోకాళ్లమీద పడింది.

అప్పుడు సూపర్‌వైజరు పరికరాన్ని చాచి పట్టుకుని తలుపువైపు వచ్చాడు. నలభై. నూట తొంభై. గడప దగ్గర మూడువందల ముప్పై. ఆయన పరికరాన్ని నేలమీద పెట్టాడు. గోడకున్న, అన్నిటినీ ఒకేసారి ఆపే ఎర్ర మీటను రెండు చేతులా కిందికి లాగాడు. లాండ్రీ అంతటా యంత్రాలు ఒక్కొక్కటే మూగవోయాయి.

పొగగొట్టం అతుకు చిట్లిందని తరువాత తేలింది. అంబులెన్సులో ఇద్దరికీ ఆక్సిజన్ మాస్కులు పెట్టారు. బాబాయి కళ్లు తెరిచే ఉన్నాయి గాని, ఎవరినీ గుర్తించినట్టు లేదు.

"ఎంతసేపున్నారు లోపల?" అని ఆసుపత్రిలో అడిగింది నర్సు, కాగితం తీసి.

పరిశోధకురాలు తన మాస్కు తొలగించింది. "ఆయన పొద్దున ఏడింటినుంచి. నేను అరగంట. ఆ అరగంటా గాలి బాగుందని నేనే చెప్పాను. అదీ రాయండి."

పక్క మంచంమీద చెయ్యి కదిలింది. బాబాయి మెల్లగా మాస్కు ఎత్తాడు.

"అరగంట కాదు. నలభై నిమిషాలు. ఇరవై నిమిషాలకోసారి రాసే ఆవిరి గేజీ రీడింగు రెండుసార్లు రాశాను నువ్వున్నప్పుడు," అన్నాడు, గొంతు గీరుకుపోతుండగా. "ఆసుపత్రి కాగితమది. సరిగ్గా చెప్పు తల్లీ."

"నలభై," అని దిద్దించింది ఆమె. అంతవరకు రాని ఏడుపు అప్పుడు వచ్చింది.

ఈ కథ విన్నవారి ఇళ్లలో, పనిచోట్లలో గాలి నిర్మలమై వీచుగాక. పనికి వెళ్లిన ప్రతివారూ పొద్దు వాలేలోగా తమవారి దగ్గరికి నిండు ఊపిరితో చేరుదురుగాక. సర్వులకూ శుభమగుగాక.