అమెరికా కోడలి వేషం

ఓహాయోలో పుట్టిన వెర్నా కోల్బీ, ఫ్రాన్సులోని రెన్ నగరానికి కోడలిగా వచ్చి ముప్పై ఏళ్లు దాటింది. చేపల అంగడిలో ఆమె బేరమాడుతుంటే పరదేశి అని ఎవరూ పోల్చుకోలేరు. సినిమాల్లో చిన్నచిన్న వేషాలు వేసేది, కానీ సినిమావాళ్లు మాత్రం ఆమెను అమెరికా మనిషి వేషానికే పిలిచేవారు. గట్టిగా మాట్లాడాలి, పళ్లన్నీ కనబడేలా నవ్వాలి, ఫ్రెంచిని ఖూనీ చెయ్యాలి.

ఈసారీ అంతే. లేటు వయసులో పెళ్లాడిన అమెరికా కోడలు, అత్తగారింట మొదటి భోజనం. కడుపు నిండిందని చెప్పబోయి పశువులకు వాడే మాట వాడుతుంది. ‘నేను చూడితో ఉన్నాను’ అన్నట్టవుతుంది. అందరూ పగలబడి నవ్వుతారు. ఎందుకో తెలియక ఆమె అందరికన్నా ఎక్కువ నవ్వాలి.

అది చదవగానే వెర్నాకు చెవులు వేడెక్కాయి. కొత్తకోడలిగా ఆమె నిజంగానే అన్న మాట అది.

"మీ ఫ్రెంచి మరీ బాగుంది మేడమ్. కాస్త పాడుచెయ్యండి" అన్నాడు దర్శకుడు ఎమెరిక్.

పాడుచేసింది. "ఇంకా గట్టిగా" అన్నాడు. అరిచింది. మూడోసారి మాట వచ్చింది గానీ నవ్వు రాలేదు.

"ఏమైంది?"

"ఆ కోడలికి అర్థమవుతుంది బాబూ. మాట తెలియకపోయినా ముఖాలు తెలుస్తాయి. నాకు తెలిశాయి."

ఎమెరిక్ చిరాకుపడి భోజనానికి ఆపేశాడు. అత్తగారి వేషం వేస్తున్న సోలెన్ పళ్లెం పట్టుకొచ్చి పక్కన కూర్చుంది.

"నీకెప్పుడు తెలిశాయే?"

వెర్నా చెప్పింది. తను ఆ మాట అన్న రోజు మరుదులు రుమాళ్లలో ముఖాలు దాచుకున్నారు. అత్తగారు మాత్రం ఆపిల్ కేకు ఇంకో ముక్క తన పళ్లెంలో వేసుకుని, "నేనూ చూడితోనే ఉన్నానమ్మా. ఇద్దరికీ ఒకే కొట్టంలో గడ్డి వేయిస్తాలే" అంది. ఆవిడకు అప్పటికి డెబ్బై. ఆ నవ్వంతా ఆవిడ మీదికి పోయింది.

సోలెన్ పళ్లెం ఖాళీ చేసి లేచింది. మధ్యాహ్నం కెమెరా తిరుగుతుండగా, అందరూ నవ్వబోయే సమయానికి, ఎవరికీ చెప్పకుండా వెర్నా అత్తగారి మాటే అనేసింది. వెర్నా నవ్వలేదు. సోలెన్ చెయ్యి పట్టుకుని వదల్లేకపోయింది.

"అది కథలో లేదు కదా" అన్నాడు ఎమెరిక్.

"లేదు. రాసుకో" అంది సోలెన్.

కాసేపు గోరు కొరుక్కుని, "మళ్లీ ఒకసారి, అచ్చం అలాగే" అన్నాడతను.

సినిమా విడుదలైన వారం వెర్నా, భర్త గిల్డాస్‌తో కలిసి చూడ్డానికి వెళ్లింది. అతనికి ముందుగా ఏమీ చెప్పలేదు. చూడి మాటకు హాలంతా నవ్వింది. అత్తగారి జవాబుకు ఇంకా నవ్వారు గానీ, ఆ నవ్వులో ఎకసెక్కెం లేదు. గిల్డాస్ ఉలిక్కిపడ్డాడు.

"మా అమ్మ మాట కదా ఇది?"

"అవును. నిన్ను అడక్కుండా వాళ్లకి ఇచ్చేశాను."

అతను కళ్లద్దాలు తీశాడు. వాటిని తుడుచుకుంటూ, "నీ ఫ్రెంచి మాత్రం ఘోరంగా ఉందోయ్" అన్నాడు.

"చాలా కష్టపడ్డాను మరి" అంది వెర్నా.