పొగగొట్టం ఎత్తు

ఆ ఊరిని చేసినవాడెవడో గిన్నెలా చేశాడు. చుట్టూ కొండలు, అడుగున వీధులు. వేసవిలో ఇబ్బంది లేదు, కొండల సందులోంచి గాలి దూరి ఉన్న దుమ్మంతా ఊడ్చుకుపోతుంది. వానాకాలం కడిగిపెడుతుంది. చిక్కల్లా చలికాలంతోనే. చలిగాలి బరువుగా అడుగున కూర్చుంటుంది, దాని మీద వెచ్చగాలి మూతలా పడుతుంది. ఇక లోపల ఎవరు ఏం కాల్చినా అందరూ పంచుకుని పీల్చుకోవలసిందే. పక్కింటికి చెంచాడు పంచదార ఇవ్వనివాళ్లు కూడా పొగ మాత్రం ధారాళంగా ఇస్తారు.

రొట్టెలాయన బేకరీ ఆ అడుగునే ఉంది. అతన్ని అసలు పేరుతో పిలిచేవాళ్లు ఊళ్లో లేరు. తండ్రి నాటి కట్టెల బట్టీ, దాని వెనక గదిలోనే కాపురం. చలి మొదలైతే చాలు, ఎనిమిదేళ్ల కూతురికి ఆయాసం పట్టుకునేది. ఊపిరి తీస్తే ఈల వేసినట్టుండేది. తన బట్టీ పొగ తన పిల్ల గొంతులోకే పోతోందని అతనికి తెలియక కాదు. బట్టీ ఆర్పితే తినేదేమిటి? ముందు నుయ్యి, వెనక గొయ్యి.

అందుకని ఈసారి చలికి ముందే రెండు పనులు చేశాడు. కూతుర్ని కొండవాలు మీద ఉండే అక్క దగ్గరికి పంపాడు. పైన గాలి మంచిదని ఊరంతా అనే మాటే. భర్త పోయిన అక్కకు పిల్లల్లేరు, ఒక కుట్టుమిషనూ రెండు గదుల ఇల్లూ ఉన్నాయి. మేనకోడలు వస్తుందంటే ఎగిరి గంతేసింది. రెండో పని పొగగొట్టానిది. వీధివాళ్లు మునిసిపాలిటీలో ఫిర్యాదు పెట్టడంతో, పాత గొట్టం మీద కొత్త రేకు గొట్టాలు అతికించి ఎత్తు రెండింతలు చేశాడు. వీధి తేటపడింది. ఎదురు షాపు మంగలి వచ్చి భుజం తట్టాడు. రొట్టెలాయన కొన్నాళ్లు ఛాతీ విరుచుకుని తిరిగాడు.

నెల తిరక్కుండానే అక్క ఫోన్ చేసింది. పిల్లకు ఆయాసం తగ్గలేదు సరికదా, ఎక్కువైందట. కొత్త చోటు కదా, అలవాటు పడుతుందిలే అన్నాడు. మళ్లీ చేసినప్పుడూ అదే అన్నాడు. ఆ తర్వాతి ఫోనుకు మాత్రం బట్టీ భార్యకు అప్పజెప్పి, సంచిలో నాలుగు రొట్టెలు వేసుకుని కొండెక్కాడు.

పిల్ల మంచం మీద దిండ్లకు ఆనుకుని కూర్చుని ఉంది. నాన్నను చూసి నవ్వింది గానీ, మాట్లాడటానికి ఊపిరి చాల్లేదు. దుప్పటి సర్దబోయిన రొట్టెలాయన వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు. దుప్పటికి తన బట్టీ వాసన. ఏళ్ల తరబడి తన చొక్కాలకు పట్టి, ఎన్ని ఉతుకులు ఉతికినా పోని వాసన.

వరండాలోకి వచ్చి కిందికి చూశాడు. తన గొట్టంలోంచి పొగ నిటారుగా లేస్తోంది. సరిగ్గా అక్క ఇంటి ఎత్తుకు వచ్చేసరికి, కనబడని కప్పు తగిలినట్టు ఆగి, పక్కకు పరుచుకుని, నింపాదిగా ఇటే వస్తోంది. పాత గొట్టమైతే పొగ కింద వీధిలోనే ఉండిపోయేది. తన వేలితో తన కన్నే పొడుచుకున్నాడు. భోరుమని ఏడవాలి. ఏడుపు రాలేదు. చలికి మొద్దుబారిన వేలు తెగితే రక్తం కనిపిస్తుంది గానీ నొప్పి తెలియదు, అలా ఉంది అతనికి.

అక్క వచ్చి పక్కన నిలబడింది. ఆమెకు ముందే అర్థమైనట్టుంది.

"పొమ్మనలేక పొగబెట్టావేమిట్రా," అని నవ్వింది. నవ్వు కాస్తా దగ్గులోకి దిగి, చాలాసేపు ఆగలేదు. ఆ దగ్గు ఎన్నాళ్ల నుంచని అతను అడగలేదు.

గొట్టం దింపితే వీధివాళ్లు బట్టీ మూయిస్తారు. మునిసిపాలిటీ మనిషి ఆ మాట మొహం మీదే చెప్పి వెళ్లాడు. ఇంకా లేపుదామంటే రేకు నిలవదు. గాలి తిరగడానికి ఇంకా రెండు నెలలుంది.

"అక్కా, నువ్వు కూడా కిందికి వచ్చెయ్..."

"వచ్చి ఎక్కడ పడుకోను, పిండి బస్తాల మీదా? నా గిరాకీ అంతా ఇక్కడే ఉంది. పిల్లని తీసుకెళ్లు. కింద ఇప్పుడు గాలి బాగుందటగా."

ఆమె దెప్పిపొడవలేదు. అదే అతనికి మరీ కష్టంగా అనిపించింది. ఇంకోసారి బతిమాలితే వచ్చేదేమో. బతిమాలలేదు. పిల్లని వీపున ఎక్కించుకుని దిగాడు.

వారానికల్లా పిల్ల ఊపిరిలో ఈల పోయింది. తల్లి మొహం విచ్చుకుంది. వదిన ఎలా ఉందని అడిగింది. బాగానే ఉందన్నాడు.

ఒక తెల్లవారుజామున పిండి పొంగాక, బట్టీ రాజెయ్యబోతుంటే అక్క ఫోన్ చేసింది.

"దానికి ఊపిరి బాగా ఆడుతోందా?"

"ఆడుతోందక్కా."

"అయితే సరే." అవతల దగ్గు. అది తగ్గేదాకా ఇతను ఫోన్ పట్టుకుని నిలబడ్డాడు.

"కిటికీలు మూసుకో అక్కా," అన్నాడు.

"మూసుకునే ఉంటున్నానురా," అందామె.

ఫోన్ పెట్టేశాడు. పొంగిన పిండి ఎవరి కోసమూ ఆగదు. కట్టెలు పేర్చి, అగ్గిపుల్ల గీసి బట్టీ రాజేశాడు. బట్టీ అందుకున్నాక వీధిలోకి వచ్చి పొగ ఎలా పోతోందో చూడటం అతనికి తండ్రి నేర్పిన అలవాటు. ఆ రోజు రాలేదు. ఆ చలికాలమంతా రాలేదు.