ఊళ్ళో మీ ఇల్లు ఎటువైపు?

పై పోర్షన్ ఖాళీ అయితే కడగడం శ్రీదుర్గ పని, తాళం తీసి చూపించడం ఆమె పని, వచ్చినవాళ్ళెవరో ఆరా తీయడమూ ఆమె పనే. "మగాళ్ళం అడిగితే కేసులవుతాయి. నువ్వైతే నవ్వుతూ అడిగెయ్యొచ్చు," అంటాడు భర్త తిరుపతిరావు. పైగా ఇంటికెవరొచ్చినా ఆయనదో జోకు. పన్నుల గొడవ లేకుండా ఇల్లు భార్య పేర రాయించాడు కదా, "నాదేముందండీ, ఓనరు మా ఆవిడ! నేను అద్దెకుంటున్నా," అంటాడు. అందరూ నవ్వుతారు. కాఫీ కప్పులు తీస్తూ ఓనరు కూడా నవ్వుతుంది.

ఎలా అడగాలో అత్తగారు సుబ్బరత్నం కాపురానికొచ్చిన కొత్తలోనే నేర్పింది, పులుసులో ఉప్పు చూడటం నేర్పినంత శ్రద్ధగా. ముందు ఇంటిపేరు. అందులో తేలకపోతే సొంతూరు. అప్పటికీ తేలకపోతే, "ఊళ్ళో మీ ఇల్లు ఎటువైపండీ?" మన జిల్లాలో పుట్టినవాళ్ళెవరూ ఆ మూడో ప్రశ్న దాటి పోలేరు. ఊరి చివర పేట వైపంటే చాలు, "అయ్యో, నిన్ననే మా చుట్టాలకి మాటిచ్చేశామండీ," అనాలి. ఇన్నేళ్ళలో ఆ లేని చుట్టాల పేరు చెప్పి శ్రీదుర్గ ఎంతమందిని గేటు దాటించిందో!

స్వరూప పోయిన ఆదివారం వచ్చింది. ఆస్పత్రిలో నర్సు. కూతురు చిన్నికి ఈ వీధి చివరి స్కూల్లో సీటొచ్చింది. ఇప్పుడుండేది బుడమేరు పక్కన. వరదలో పిల్ల పుస్తకాలతో సహా అన్నీ పోయాయి. ఇప్పటికీ గట్టి వాన పడితే ఆటోవాళ్ళు ఆ వైపు రామంటారు. "ఇక్కడైతే నడిచి వెళ్తుందండీ. లైబ్రరీ కూడా దగ్గరే," అంటూ కిటికీ దగ్గర చాలాసేపు నిలబడిపోయింది.

ఇంటిపేరుతో ఏమీ తేలలేదు. ఊరు కంకిపాడు దగ్గరంది. మూడో ప్రశ్న నోటిదాకా వచ్చేసరికి స్వరూపే అడిగింది: "ఇంత ఇంట్లో మీరెక్కడ కూర్చుంటారండీ?"

శ్రీదుర్గ ఇల్లంతా మనసులోనే ఓసారి తిరిగొచ్చింది. హాలు ఆయన టీవీది. వరండా అత్తగారి పడక్కుర్చీది. వంటింట్లో కూర్చోవడమెక్కడ, నిలబడటమే. నిజం చెప్పాలంటే పై పోర్షన్ ఖాళీగా ఉన్న రోజుల్లోనే ఆమెకో చోటుంటుంది. ఆ కిటికీ కింద, కడిగిన గచ్చు మీద, చీపురు పక్కన పడేసి కాసేపు. ఆ మాటే చెప్పేసి, ఎందుకు చెప్పానా అని సిగ్గుపడింది.

"అయితే మేమొచ్చాక కూడా రండి. అక్కడే కుర్చీ వేస్తాను," అంది స్వరూప.

వారమంతా ఆ కుర్చీ మీదే ధ్యాస. అన్నం వారుస్తున్నా, బట్టలు ఆరేస్తున్నా, పైనుంచి పిల్ల పాఠం చదువుతున్న గొంతు వినిపిస్తున్నట్టే ఉంది. "కూర్చోండి" అనే మనిషి కోసం ఇంతగా మొహంవాచి ఉన్నానా అని తనకే ఏడుపొచ్చింది.

ఈ ఆదివారం స్వరూప చిన్నిని కూడా తీసుకొచ్చింది. తిరుపతిరావు పేపరు మీంచి, కనుక్కున్నావా అన్నట్టు చూశాడు. శ్రీదుర్గ బొడ్లో దోపుకున్న తాళంచెవి తడుముకుంది. "అడగవేం? బెల్లం కొట్టిన రాయిలా నిలబడ్డావు!" అంది పడక్కుర్చీలోంచి సుబ్బరత్నం.

స్వరూపకి అర్థమైపోయింది. ఇలాంటి వరండాలు ఎన్ని ఎక్కి దిగిందో.

"మా ఇల్లు పేట వైపేనండీ," అంది, చిన్నికి చెప్పులు తొడుగుతూ. "మీక్కూడా చుట్టాలొస్తున్నారా?"

"అవునమ్మా, నిన్ననే..." తిరుపతిరావు పేపరు మడిచాడు.

"చుట్టాలెవరూ లేరు," అంది శ్రీదుర్గ. తాళంచెవి తీసి చిన్ని చేతిలో పెట్టింది. "ఓనర్ని నేనేనండీ, కావాలంటే మావారినడగండి. ఎప్పుడైనా దిగండి. ఆ కుర్చీ మాత్రం మర్చిపోకండి."