ఆ ఇంటి చేపలు చావవు

ఆ ఇంట్లో చేప అనేది చావదు. ఏడాదిన్నర కింద తొమ్మిది గప్పీలు తెస్తే, ఇవాళ్టికీ తొమ్మిదే. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ ఆమె భర్త ఈ మాట చెప్తాడు, కాఫీ చేతికి రాకముందే. "పెంచడం తెలియాలండీ. అందరి వల్లా కాదు," అంటాడు తొట్టి అద్దం మీద వేలితో టకటకా కొట్టి.

నిజానికి ఇప్పటిదాకా ఇరవై మూడు చచ్చాయి. ఆ సంగతి తెలిసింది ఆమెకీ, చచ్చినవాటికీ మాత్రమే.

తొమ్మిదీ మగవే. ఆడవాటికి రంగుండదని, పిల్లల్ని పెట్టి తొట్టంతా ఇరుకు చేస్తాయని ఏరి ఏరి తెచ్చాడు. వాటికి పనంటూ ఏమీ లేదు. తోక విప్పుకుని అటోసారి ఇటోసారి తిరగడం, వేళకి తిండొస్తే తినడం. వంటింట్లో గిన్నెలు తోముతూ హాల్లో ఉన్న వాటిని చూస్తుంటే, ఆమెకి కొత్త జీవుల్ని చూస్తున్నట్టేమీ ఉండదు.

ఆ తిండే వాటి ప్రాణం తీసింది. పొద్దున్న లేస్తూనే భర్త ఒక గుప్పెడు వేస్తాడు. మామగారు నడక నుంచి వచ్చి, "పాపం, ఇంకా ఎవరూ వేసినట్టు లేదు," అని ఇంకో గుప్పెడు. ఆయన గుప్పెడుకి తిమింగలమైనా త్రేన్చి చెయ్యి కడుక్కోవాల్సిందే. మధ్యాహ్నం అత్తగారు తను తినే బిస్కెట్లో సగం నలిపి చల్లుతారు. సాయంత్రానికి తొట్టిలో నీళ్ళు గంజి. ఉద్యోగం నుంచి వచ్చి, చెప్పులు విప్పి, బ్యాగు భుజాన ఉండగానే ఆమె బకెట్టూ గొట్టమూ పట్టుకుంటుంది.

మొదటి చేప తేలిన రోజు భర్త, "అంట్ల చేతులు పెట్టుంటావు. సబ్బు ఒక్క చుక్క చాలు," అన్నాడు. "మొన్న మొక్కని ఎండబెట్టింది, ఇవాళ చేపని ముంచింది," అన్నారు అత్తగారు. నీళ్ళలో చేప ఎలా మునుగుతుందని ఎవరూ అడగలేదు. దాని బదులు భర్తే ఇంకోటి తెచ్చి, "నువ్వు చంపింది నా లెక్కలోకి రాదు," అన్నాడు.

చేపల షాపు ముసలాయనే చెప్పాడు. "అమ్మాయ్, గప్పీ కడుపు దాని కన్నంతే ఉంటుంది. చిటికెడు తీసి, వేళ్ళ మధ్య మెత్తగా నలిపి వెయ్యి. రెండు నిమిషాల్లో తిన్నదే భోజనం, మిగిలింది విషం. రోజుకి రెండుసార్లు చాలు. వారానికో పూట పచ్చిబఠాణీ ఉడికించి, తొక్క తీసి పెట్టు. వారానికో రోజు పస్తుంచు. పస్తుతో చచ్చిన గప్పీని నేను చూళ్ళేదు, తిండితో చచ్చినవి బస్తాలు."

ఆమె అదంతా పొల్లుపోకుండా ఇంట్లో చెప్పింది. "నోరు లేని జీవాలకి పస్తా? కావాలంటే నీ కడుపు మాడ్చుకో," అన్నారు అత్తగారు. ఆ ఆదివారం అప్పటికి మధ్యాహ్నం మూడైంది. ఆమె ఇంకా తిన్లేదు. "స్టిక్కర్లు అంటించుకునేదానివి, నువ్వు నాకు చేపల గురించి చెప్తావా?" అన్నాడు భర్త.

ఆమె పనిచేసేది రక్తపరీక్షల ల్యాబులో. సీసాల మీద పేర్ల స్టిక్కర్లు అంటిస్తుంది. ఒకరి రక్తం ఇంకొకరిది అవకుండా చూడటం అక్కడ ఉద్యోగం. ఒక చేప ఇంకో చేప అయ్యేలా చూడటం ఇంట్లో ఉద్యోగం. రెండో చేప నుంచి మొదలుపెట్టింది. ఎవరూ లేవకముందే చచ్చినదాన్ని కాగితంలో చుట్టి బ్యాగులో వేసుకుని, గుండీ తెగితే చొక్కా పట్టుకెళ్ళి జత గుండీ తెచ్చుకున్నట్టు, తోకా రంగూ కలుపుకుని తెచ్చేది. బాధేమీ ఉండేది కాదు. తేవాల్సినవాటిలో అదొకటి: ఉల్లిపాయలు, పాలు, నీలం తోకది ఒకటి.

ఆదివారం సాయంత్రం భర్త ఆఫీసు మేనేజరమ్మ వచ్చింది, చేతిలో గాజు జాడీతో. అందులో ఆరు గప్పీలు. ఒంటరి మనిషి. గురువారం ఆపరేషన్, రెండు వారాలు ఆస్పత్రిలోనే.

"మీ ఇంట్లో చేప చావదని ఆఫీసంతా చెప్పుకుంటున్నారు. నాకు ఇంటికెళ్తే పలకరించేవి ఇవే. నవ్వకండి, ఈ చిన్నది తిండి మానేస్తే మూడు రోజులు సెలవు పెట్టాను," అంది.

"మీరు నిశ్చింతగా ఉండండి మేడమ్. ఇంటిల్లిపాదీ పోటీపడి వేస్తాం," అన్నాడు భర్త.

"ఇంటిల్లిపాదీనా?" అంటూ ఆవిడ తొట్టి దగ్గరికి వంగింది. చాలాసేపు చూసింది. "పోయిన నెల వచ్చినప్పుడు ఈ నారింజ తోకదానికి రెక్క కింద నల్ల మచ్చుండేది. ఇప్పుడేదీ?"

భర్త తొట్టి వైపు చూసి, వంటింటి వైపు తిరిగాడు. "ఏయ్, మచ్చేదీ?" తువ్వాలేదీ అని అడిగినట్టే అడిగాడు.

ఆమె తడి చేతులతో వచ్చింది. అబద్ధం సిద్ధంగానే ఉంది. వయసు పెరిగితే మచ్చలు పోతాయని ఒకసారి మామగారికి చెప్తే, ఆయన నలుగురికీ చెప్పుకుని మురిసిపోయారు. నోరు తెరిచింది. బల్ల మీద జాడీలో ఆరు చేపలూ మేనేజరమ్మ వేలు ఎటు కదిలితే అటు కదులుతున్నాయి. ఆవిడ అద్దాన్ని కొట్టడం లేదు, ఊరికే ఆనించి ఉంచింది.

"అది పోయింది మేడమ్," అందామె. "ఇది వేరేది. దాని పక్కదీ వేరేదే. మొదటివాటిలో ఒక్కటీ లేదు."

భర్త నవ్వాడు. "జోకులేస్తుంది మేడమ్." ఆమె మొహం చూసి ఆ నవ్వు మధ్యలోనే మింగాడు.

"అమ్మో అమ్మో! ఇన్నాళ్ళూ మా కళ్ళు గప్పావా?" అన్నారు అత్తగారు.

"కప్పాను అత్తయ్యా."

"ఎందుకమ్మా?" అంది మేనేజరమ్మ.

"పోయిందంటే ఎవరి వల్ల అని అడుగుతారు మేడమ్. ఆ ప్రశ్నకి ఈ ఇంట్లో ఒకటే జవాబు." జాడీకి మూత పెట్టి ఆవిడ చేతుల్లో పెట్టింది. "వీళ్ళు ప్రేమగానే వేస్తారు, కాదనను. ఆపమని నేనూ ఒక్కసారే చెప్పాను. రెండోసారి చెప్పడం కన్నా కొత్తది తేవడం తేలిక. మొదటిది పోతే ఏడ్చాను. తర్వాత దేనికీ ఏడుపు రాలేదు. మీవి పోయినా అచ్చం ఇలాంటివే ఆరు తెచ్చిపెడతాను మేడమ్, నాకేమీ అనిపించదు. అందుకే ఇక్కడ వదలకండి."