ఎడమ చెవిలో మిగిలిన ఇరవై సెకన్లు

సాయంత్రం ఐదు కొట్టగానే ఆ వరస ఇళ్ళల్లో దూది మారుస్తారు. మిగతా ఊళ్ళో జనం బయటి మోత లోపలికి పోకుండా చెవుల్లో దూది పెట్టుకుంటారు. ఫ్యాక్టరీలో ఇనప రేకులు అచ్చుకొట్టే ప్రెస్ షాపులో పనిచేసినవాళ్ళ ఇళ్ళల్లో మాత్రం లోపలి మోత బయటికి రాకుండా పెడతారు. పాతికేళ్ళ సర్వీసు దాటితే చెవి నిండిపోతుంది. నిండింది కారుతుంది. దూది పాతబడిన రోజున భోజనాల దగ్గర సన్నగా సైరన్ వినిపిస్తుంది. ఎవరో ఒకరు తలెత్తకుండానే "నాన్న దూది చూడండే" అంటారు.

చిన్నది ఆ పని మీదే ఉంది. ఇంట్లో రెండో కూతురు కాబట్టి ఇరవై మూడేళ్ళొచ్చినా ఆమె చిన్నదే. కార్మికుల క్లబ్బు బ్యాండులో గిటారు వాయిస్తుంది, పగలు లెక్కల ట్యూషన్లు చెబుతుంది. నాన్న చెవుల్లో ఎంత ఉందో కూడా ఒకసారి లెక్క కట్టింది. నిమిషానికి పద్నాలుగు దెబ్బలు, షిఫ్టుకు ఎనిమిది గంటలు, ఏడాదికి మూడు వందల రోజులు, ముప్పై ఒక్క ఏళ్ళు. ఆరు కోట్ల పాతిక లక్షల దెబ్బలు. అన్నిటికన్నా పైన ఉన్నది నలభై రోజుల నాటి దెబ్బ. దాని తర్వాత నాన్న పనిలోకి వెళ్ళలేదు. ఆ లైను మూతపడింది.

ఆ రోజు నాన్నతో పనిచేసే పొడుగాయన ప్రెస్ అచ్చు లోపల దూరి తుడుస్తున్నాడు. పద్ధతి ప్రకారం తుడవడం అయ్యాక గంట మోగుతుంది. అక్కడ్నించి ప్యానెల్ దగ్గరున్న మనిషి ఇరవై లెక్కపెట్టాలి. అతను దూరంగా అద్దాల గదిలో ఉంటాడు, అతనికి ఏమీ వినపడదు. అందుకే మధ్యలో ఒక చూపరి నిలబడతాడు. లోపలి మనిషి ఇంకా రాలేదని కేకేస్తే చూపరి చెయ్యి ఎత్తాలి. ఇరవై లోపు చెయ్యి లేవకపోతే బటన్ నొక్కుతారు. ఆ రోజు చూపరి నాన్న. అద్దాల గదిలో ఉన్నది బావ, అక్క మొగుడు. చెయ్యి లేవలేదు, బావ నొక్కాడు. పొడుగాయన లోపలే ఉన్నాడు.

కేక రాలేదని నాన్న రాసిచ్చాడు. వచ్చి ఉంటే చెయ్యి ఎత్తేవాడినని, ముప్పై ఒక్క ఏళ్ళలో ఎత్తకుండా ఉన్నది లేదని కూడా రాశాడు. కేక రాలేదంటే పొడుగాయనకు కేక వేసే వ్యవధే దొరకలేదని, బావ ఇరవై పూర్తికాకుండానే నొక్కాడని విచారణాధికారి అనుకుంటున్నాడు. వచ్చే శుక్రవారం విచారణలో ఆ మాట ఖాయమైతే బావ నేరుగా జైలుకే. అక్కకు రెండేళ్ళ పాప.

బావ మాత్రం పెదవి విప్పడు. ఎంత లెక్కపెట్టావంటే గుర్తు లేదంటాడు. ప్యానెల్ దగ్గర తొమ్మిదేళ్ళలో ఒక్కసారీ తొందరపడని మనిషికి ఆ ఒక్క రోజే ఎందుకు గుర్తు లేదో చిన్నదానికి అంతుపట్టలేదు. గంటకూ దెబ్బకూ మధ్య ఎన్ని సెకన్లో నాన్న చెవుల్లో ఉంటుంది కదా, తీయిస్తే సరిపోతుందని ఆమే అంది. నాన్న వెంటనే ఒప్పుకున్నాడు.

"నా అల్లుడు తొందరపడలేదని నా చెవులే చెబుతాయి" అన్నాడు గట్టిగా. వినపడనివాళ్ళు అలాగే మాట్లాడతారు.

"ఎందుకు మావయ్యా ఈ శ్రమ" అన్నాడు బావ. ఆయనకు పెదవుల కదలిక అందేలా కాదు, గోడవైపు తిరిగి.

చెవి సాక్ష్యానికి ఆఫీసువాళ్ళు ఒక కాగితం ఇస్తారు. సాక్షి తన చేత్తో తనే దూది తీయాలి. చెవిలోని మోతను బయటికి లాగే పరికరం సాక్షి తరఫువాళ్ళే తెచ్చుకోవాలి, నలభై వాట్లు మించకూడదు. వెనక ఒకసారి ఎవరో గిటారు మోత పెంచే పెట్టె, వంద వాట్ల ఆంప్, తెచ్చి వాయిస్తే సాక్షి చెవిలోంచి షిఫ్టు ముగింపు సైరన్ ఎగదన్నుకొచ్చి కిటికీ అద్దాలు పగిలాయట, గుమాస్తాలంతా క్యారేజీలు తీసుకుని ఇంటికి బయల్దేరారట. అప్పట్నించీ ఆ నిబంధన.

ముల్లును ముల్లుతోనే తీయాలి. ఇనప మోతను కదిలించాలంటే మెత్తటి స్వరం పనికిరాదు, గిటారుకు ఓవర్‌డ్రైవ్ పెట్టి గరగరలాడించాలి. ఇంట్లో ఉన్న ఐదు వాట్ల డబ్బాతో చిన్నది ప్రయత్నించింది. నాన్నకు ఆవలింత వచ్చింది, అంతే.

శనివారం పొద్దున ముగ్గురూ గిటార్లమ్మే షాపుకు వెళ్ళారు. మొయ్యడానికి బావ వచ్చాడు. రానంటే అక్క తోసింది. షాపాయన ఒకప్పుడు క్లబ్బు బ్యాండులో లీడ్ గిటారు వాయించినవాడు, ఇప్పుడు జుట్టంతా చెవుల్లో మాత్రమే మిగిలింది.

"వాయించేది నువ్వు, వినాల్సింది వినపడని ఆయన" అన్నాడు ఆంప్‌ల మీద గుడ్డ తీస్తూ. "ఇలాంటి బేరం నాకే తగలాలి."

వెళ్ళేముందే ఒక సంగతి చిన్నది ఆలోచించుకుంది. చెవిలోంచి ఒకసారి బయటికొచ్చింది మళ్ళీ లోపలికి పోదు. షాపులో పరీక్షించి ఆ రోజును ఖర్చు చేస్తే శుక్రవారానికి ఏమీ మిగలదు. కానీ చెవులు రెండు. రెండూ ఒకే రోజును దాచుకుంటాయి, అసలూ నకలూలా. అందుకని ఎడమ చెవిలో దూది మీద మైనం అద్ది మూసేసింది. కుడిచెవిది మాత్రం నాన్న తనే తీసుకున్నాడు.

మొదట పదిహేను వాట్లది. ఓవర్‌డ్రైవ్ సగానికి తిప్పింది. గరుకు బాగుంది. కుడిచెవిలోంచి కెటిల్ మరగడానికి ముందు వచ్చేలాంటి రొద మొదలైంది, ప్రెస్ షాపు ఖాళీగా ఉన్నప్పటి ఫ్యాన్ల చప్పుడు. ఆ పైన రాలేదు. కాలి కింది మీట నొక్కితే లీడ్ బూస్ట్ పడింది గానీ గరుకు పెరిగిందే తప్ప ఎత్తు పెరగలేదు.

"దానికి ఊపిరి అక్కడికే అయిపోయింది. ఇంకా అరవమంటే బొంగురు పోతుంది తప్ప గొంతు లేవదు" అన్నాడు షాపాయన. "బూస్ట్ అంటే గుంపులోంచి ఒక్క గొంతును ముందుకు తీసుకురావాలి. దానికి పైన కాస్త చోటుండాలి. ముప్పైది చూడు."

వాట్లు రెట్టింపైతే మోత రెట్టింపు కాదని చిన్నదానికి తెలుసు, పెరిగేది మూడు డెసిబెల్సే. ఒక మెట్టు. కానీ ఆ మెట్టు మీద నిలబడి బూస్ట్ ఇంకో ఆరు లేస్తుంది. గుమ్మానికీ అటకకూ ఉన్న తేడా. ముప్పై వాట్ల ఆంప్ ముందు నాన్నను కూర్చోబెట్టింది. ఆయన అలవాటు కొద్దీ అరచెయ్యి దాని చెక్క మీద పెట్టాడు. బేరింగుల జబ్బు చేత్తో పట్టేవాడు ఆయన.

రెండో తీగ లాగింది. కుడిచెవి తెరుచుకుంది. ఫ్యాన్లు, పట్టాల గరగర, ఎక్కడో ఎవరో దగ్గడం. తర్వాత గంట. చిన్నది లోపల లెక్క మొదలుపెట్టింది. ఐదు, ఆరు. రొద కింద ఇంకేదో ఉంది. బూస్ట్ మీట తొక్కింది.

పదకొండు దగ్గర పొడుగాయన గొంతు షాపు మధ్యలోకి వచ్చి నిలబడింది.

"ఆగండి. లోపలే ఉన్నా."

పద్నాలుగు దగ్గర మళ్ళీ. "అన్నా, కాలు ఇరుక్కుంది. చెయ్యెత్తు." పదిహేడు దగ్గర మూడోసారి, ఈసారి మాటలేమీ లేవు. పద్దెనిమిది. పందొమ్మిది. సరిగ్గా ఇరవైకి ప్రెస్ పడింది. సీసాల్లోని తీగలు మీటే ప్లెక్ట్రమ్‌లు గలగలమన్నాయి.

బావ ఇరవై పూర్తిగా లెక్కపెట్టాడు. ఒక్క సెకను తక్కువ లేదు. ఆమె వెతుక్కుంటూ వచ్చింది దానికోసమే, అది దొరికింది.

షాపాయన లోపలికి వెళ్ళి నీళ్ళు తెచ్చాడు. నాన్న ఒక్కొక్కరి మొహం చూస్తున్నాడు. ఆయన చెవి వినిపించుకోలేనిదంతా దాచిపెట్టుకుంది. ఆయనకు మాత్రం అప్పుడూ వినపడలేదు, ఇప్పుడూ వినపడలేదు.

చిన్నది మీట మీంచి కాలు తీసింది. ఏటా పెట్టే వినికిడి పరీక్షలో తప్పితే చూపరిగా ఉండనివ్వరు, గోదాములో కూలిగా పంపిస్తారు. ఆరేళ్ళ కిందట నాన్న ఆ భయంతో ఇంటికొచ్చి కూర్చుంటే, పరీక్ష యంత్రం ఎలా కూస్తుందో అడిగి తెలుసుకుని ఆమే లెక్క తేల్చింది. చెవికి ఆరు కూతలు, కూతకూ కూతకూ నాలుగు సెకన్లు, మూడోదాని తర్వాత ఒక్క సెకను ఎక్కువ. దాన్ని తాళంగా మార్చి నాన్న మోకాలి మీద వేళ్ళతో కొట్టి నేర్పింది. వినపడకపోయినా లెక్క ప్రకారం బటన్ నొక్కేవాడు. ఆరేళ్ళూ పాసయ్యాడు. పాసైన మొదటి ఏడాది ఇంట్లో అందరూ నవ్వుకున్నారు, బావ అయితే మరదలికి గిటారు తీగలు కొనిపెట్టాడు.

"నీకు ముందే తెలుసు" అంది చిన్నది.

"పొడుగాయన నోరు కదలడం అద్దంలోంచి కనపడదు. మావయ్య చెయ్యి కనపడుతుంది. అది లేవలేదు" అన్నాడు బావ. "ఆయనకు వినపడదని తెలిసీ ఆరేళ్ళు ఆయన చెయ్యి చూసే నొక్కాను. మనమంతా కలిసి చేసిందే కదా మరదలా. అందరం పోవడమెందుకు, ఒక్కడు పోతే చాలదా?"

నాన్న ఆమె భుజం తట్టాడు. "ఏం వచ్చింది?"

ఆమె పెదవులు స్పష్టంగా కదిపింది. "ఏం రాలేదు నాన్నా. ఉత్త రొద."

ఆయన చెక్క మీది చెయ్యి తీసి అరచేతిలోకి చూసుకున్నాడు.

చిన్నది షాపాయన దగ్గరికెళ్ళి పదిహేను వాట్లది కట్టమంది. అది చాలదని ఇప్పుడే చూశాం కదా అన్నాడాయన. అందుకే అదే కావాలంది. ఆయన తాడు తీసుకున్నాడు.

ఇంటికొచ్చాక అక్కకు చెప్పక తప్పలేదు. అక్క పాపకు జుట్టు దువ్వుతూ మొత్తం విని, చిక్కు తీసి, రబ్బరు బ్యాండు వేసింది. "నాకు చెప్పకుండా ఉండాల్సింది" అంది. "ఇప్పుడు ఎవరు పోయినా నేనే పంపినట్టవుతుంది." ఆ తర్వాత శుక్రవారం దాకా ఆ ఇంట్లో మిగతా ముగ్గురూ నాన్నలాగే అయిపోయారు, ఎవరి మాటా ఎవరికీ వినపడలేదు. గురువారం పొద్దున నాన్న నడకకని వెళ్ళి రెండు గంటలకు తిరిగొచ్చాడు. ఎవరూ ఎక్కడికని అడగలేదు.

శుక్రవారం పది గంటలకు విచారణ గది. ఒక బల్ల, వెనక విచారణాధికారి, పక్కన రాసుకునే ఆమె. గోడవారగా పొడుగాయన భార్య, ఒళ్ళో ఆయన టోపీ. అక్క తలుపు దగ్గరే నిలబడింది. బావ కుర్చీ చేతులు రెండూ పట్టుకుని కూర్చున్నాడు. చిన్నది పదిహేను వాట్ల ఆంప్ ప్లగ్గు పెట్టి తీగ సరిచేసింది. ఏమీ రాదు. రాలేదని రాసుకుంటారు. నాన్న ఇంటికి వెళతాడు, బావ వెళ్ళడు. రెండిట్లో ఒకటి ఎంచుకుంది, ఎంచుకోవడం ఇంత తేలికేంటని ఆమెకే అసహ్యం వేసింది.

శ్రుతి చూడడానికి మొదటి తీగ లాగింది. నాన్న చెయ్యి చాచి ఆంప్ చెక్క మీద పెట్టాడు.

"ఇది అది కాదమ్మా" అన్నాడు.

అధికారి తలెత్తాడు. నాన్న ఆయనకేసి తిరిగి చెప్పాడు, గది అదిరేలా. "అయ్యా, ఇది చాలదు. శనివారం నాడు నా చేతికి ప్రెస్ దెబ్బ తగిలింది. నా మొహం చూసి మా పిల్లలు తలకాయలు దించుకున్నారు. ఉత్త రొదకు ఎవరూ తలకాయ దించుకోరు. అసలుది వరండాలో ఉంది, తెప్పించండి."

వరండాలో తోపుడు బండి మీద ముప్పై వాట్ల ఆంప్, దాని పక్కన చేతులు కట్టుకుని షాపాయన.

"వద్దు మావయ్యా" అన్నాడు బావ, ఈసారి ఆయనకు ఎదురుగా వచ్చి, పెదవులు అందేలా. "నా మాట వినండి."

"నాకు వినపడదు బాబూ" అన్నాడు నాన్న. "నువ్వేం చెప్పినా వినపడదు. ఇన్నాళ్ళూ వినపడినట్టు నటించడమే తప్పు."

ఎడమ చెవి మీది మైనం గోటితో గీకి, దూది తనే లాగి, మడిచి జేబులో పెట్టుకున్నాడు. కూర్చుని కూతురి వైపు చూశాడు. మోకాలి మీద వేళ్ళతో కొట్టాడు: మూడు, ఒకటి ఎక్కువ, మళ్ళీ మూడు. ఆమె నేర్పిన తాళమే. ఆ తాళంలోనే ఆమె మొదలుపెట్టింది.

ఫ్యాన్లు వచ్చాయి. దగ్గు వచ్చింది. గంట మోగింది. రాసుకునే ఆమె గోడ గడియారం చూసి ఒకటి అని గీత పెట్టింది. చిన్నది పాదం మీట మీద పెట్టి ఎనిమిది దాకా ఆగి తొక్కింది. నాన్న ఆంప్ వైపు చూడటం లేదు. పొడుగాయన భార్య మొహమే చూస్తున్నాడు.

పదకొండు దగ్గర ఆ మొహం మారింది.

నాన్న చెయ్యి ఎత్తాడు. నిటారుగా, వేళ్ళన్నీ విప్పి, అద్దాల గదిలో ఉన్నవాడికి కనపడేటంత ఎత్తుకు. పద్నాలుగు. పదిహేడు. బావ కుర్చీ చేతుల మీంచి తన చేతులు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఇరవైకి ప్రెస్ పడింది. నాన్న చెక్క మీద చెయ్యి పెట్టలేదు కాబట్టి ఆ సంగతి ఆయనకు తెలియలేదు. అధికారి బావ పేరు మీద గీత కొట్టి, ఆ పక్కన నాన్న పేరు రాసి, రాసింది ఆరేదాకా ఊదాడు. నాన్న చెయ్యి ఇంకా పైనే ఉంది.