చౌడేశ్వరమ్మ అన్న మాట

కంకిపాడు డిగ్రీ కాలేజీలో తెలుగు చెప్పే నజీమా ఆ రోజు వ్యాసాల కట్ట బల్లమీద పెట్టి క్లాసు వంక చూసింది. ఏ వ్యాసం తీసినా మొదటి వాక్యం ఒక్కటే: ‘చదువు లేని ఊరు చుక్కాని లేని పడవ అన్నాడో మహాకవి.’

“ఎవరర్రా ఈ మహాకవి?”

“గైడ్‌లో అట్లాగే ఉంది మేడమ్. కొటేషన్ లేకపోతే మార్కులు పడవండీ,” అన్నాడు సాయిగణేష్.

“పెట్టండి. కానీ ఎవరి మాటో, ఎక్కడ దొరికిందో కింద రాయండి. తెలియకపోతే కొట్టేయండి. పేరు చెప్పలేని మాట మనకొద్దు.”

ఆ నెలలోనే విజయవాడలో వ్యాసాల పోటీ వచ్చింది. విషయం చేనేత. ఆ క్లాసులోనే చదివే మంగళగిరి నేతవాళ్లమ్మాయి శ్రీదుర్గ తన నాయనమ్మ చౌడేశ్వరమ్మ మాటతో వ్యాసం మొదలుపెట్టింది: “మగ్గమే మా దైవం, నూలే మా ప్రాణం.”

నజీమాకు అనుమానం వచ్చింది. “మీ నాయనమ్మ నిజంగా ఇట్లాగే అన్నారా?”

“ఇంచుమించు అంతేనండీ. కాస్త అందంగా రాశాను.”

“కొటేషన్ గుర్తుల మధ్య ఇంచుమించు కుదరదమ్మా. ఇంటికెళ్లి చదివి వినిపించు.”

మర్నాడు శ్రీదుర్గ నవ్వుకుంటూ వచ్చింది. “‘నేనెప్పుడన్నానే ఇట్లా? నాటకాలాడేవాళ్ల మాటల్లా ఉన్నాయి’ అని తిట్టిందండీ. తను అన్నదేమిటంటే, ‘నడుం ఎప్పుడో పోయింది గానీ, మగ్గం గుంటలో కాళ్లు పెట్టి కూర్చుంటే నొప్పి తెలవదే’ అని.”

“అదే రాయి. ఒక్క అక్షరం మార్చకు.”

వ్యాసం చివరి పోటీకి ఎంపికైంది. విజయవాడ గవర్నర్‌పేట హాల్లో శ్రీదుర్గ దాన్ని చదవగానే జడ్జి మాణిక్యంగారు కళ్లజోడు సవరించుకున్నారు. “ఈ చౌడేశ్వరమ్మగారు ఏ పుస్తకం రాశారమ్మా?”

జవాబు నజీమా నోటిదాకా వచ్చింది. ఆపుకుంది. ఆ మాట తెచ్చింది పిల్ల, నిలబెట్టుకోవలసిందీ పిల్లే.

“పుస్తకమేమీ రాయలేదండీ. మా నాయనమ్మ. మంగళగిరిలో మా ఇంట్లో నాతో అన్నది. ఊరూ పేరూ కింద రాశాను. అనుమానముంటే రండి, అడగొచ్చు.” గొంతు ఎక్కడా తడబడలేదు.

మాణిక్యంగారు తలూపి మార్కులు వేసుకున్నారు. రెండో బహుమతి వచ్చింది. మొదటిది ఎవరో మహాకవిని తలుచుకున్నవాళ్లకే దక్కింది. నజీమాకు చింతేమీ కలగలేదు. ఆ పిల్ల నిలబడి చెప్పిన తీరు చాలనిపించింది.

సోమవారం క్లాసులో సాయిగణేష్ లేచి నిలబడ్డాడు. “మేడమ్, మా తాతయ్య ఒక మాట అనేవాడంట. నేను వినలేదు, మా అమ్మ చెప్పింది. ఎవరి పేరు రాయాలండీ?”

నజీమా మొహం విప్పారింది. ఆ ప్రశ్న తను నేర్పింది కాదు.

“ఇద్దరిదీ,” అంటూ సుద్దముక్క అందుకుని బోర్డువైపు తిరిగింది. “ఎట్లా రాయాలో చెబుతాను, చూడండి.”