అవ్వ మొక్కు

సిరిసిల్లలో మరమగ్గాలను సాంచాలంటారు. పొద్దుమాపు సాంచాల చప్పుడు ఆగని ఒక వాడకట్టులో, పద్మశాలీల ఇళ్ల నడుమ, యేసును నమ్ముకున్న ఇల్లు ఒక్కటే ఉండేది. అది పర్శరాములుది.

అతనికి ఇరవై ఏళ్ల వయసులో మతి చలించింది. తిండి మానేశాడు, మాట మానేశాడు, మానేరు ఒడ్డున ఒంటి మీద గుడ్డ సోయి లేకుండా తిరిగేవాడు. తల్లి శంకరవ్వ చూపించని వైద్యుడు లేడు, ఎక్కని గడప లేదు. చివరికి కొండగట్టు అంజన్నకు మొక్కుకుంది, కొడుకు మంచిగైతే వాణ్ణి కొండకు తోలుకొచ్చి తలనీలాలు ఇప్పిస్తానని. ఆ రోజుల్లోనే చర్చి తరఫున ఇల్లిల్లూ తిరిగి ప్రార్థన చేసే దేవవ్వ కూడా వస్తూ పోతూ ఉండేది. అతను మీద పడి కొట్టినా కదలకుండా పక్కన కూర్చుని ప్రార్థన చేసేది. వానలు పడేనాటికి పర్శరాములు తేరుకున్నాడు. కళ్లు తేటపడ్డాక అతను మొదట గుర్తుపట్టిన గొంతు దేవవ్వది. మరుసటేడు బాప్తిస్మం తీసుకున్నాడు.

శంకరవ్వ అడ్డం పడలేదు. కొడుకు బతికి బట్టకట్టాడు, అదే చాలనుకుంది. కానీ చెల్లించని మొక్కు ఆమె మనసులో ముల్లులా ఉండిపోయింది. ఏళ్లు గడిచి కొడుక్కు పెళ్లయి పిల్లలు పుట్టారు. తన మోకాళ్లు పట్టేశాక ఆ ముల్లు మరీ సలపసాగింది. తాను కన్నుమూస్తే మొక్కు బాకీ కొడుకు నెత్తిన పడుతుందని, వాడికి మళ్లీ మతి చెడుతుందని ఆమె భయం.

ఆ ఎండాకాలం పెద్దకొడుకు వెంకటి భీవండి నుంచి వచ్చాడు. అక్కడి సాంచాల మీద బతుకుతూ ఏడాదికోసారి ఇంటి ముఖం చూసేవాడు. తల్లి గోడు విని అరుగు మీద నలుగురి ముందు తమ్ముణ్ణి నిలదీశాడు.

"నిన్ను మంచిగ చేసింది ఎవలు తమ్మీ? గా దినాలల్ల నీకు సోయే లేదు. అవ్వ మొక్కింది, నువ్వు లేచినవ్. ఎవలో వచ్చి మా దేవుడు చేసిండంటే నమ్మినవ్. నీకేం ఎరుక?"

అన్న చెప్పినదాంట్లో అబద్ధం లేదు, ఆ నెలలు పర్శరాములుకు నిజంగానే గుర్తు లేవు. వెంకటి సెలవు అయిపోయి వెళ్లిపోయాడు గానీ ఆ ప్రశ్న ఇంట్లోనే ఉండిపోయింది. సాంచ ముందు నిలబడి తెగిన పోగు అతుకుతున్నా అదే, అన్నం ముందు కూర్చున్నా అదే.

అవ్వను కొండకు తీసుకుపోనా అని చర్చి అయ్యగారిని అడిగాడు. కొండకు పోవద్దని అయ్యగారు నెమ్మదిగానే చెప్పారు. పోతే పర్శరాములు వెనక్కి వచ్చేశాడని ఊరంతా అనుకుంటుందని, కొత్తగా నమ్మినవాళ్లు తడబడతారని ఆయన ఆలోచన. భార్య యాదవ్వ మాత్రం, అత్త కన్నీళ్లు చూస్తూ అన్నం ఎట్లా దిగుతుందని అడిగింది. ఇద్దరి మాటా సబబుగానే తోచింది. ఇక ముసలితనంతో మంచం పట్టిన దేవవ్వ దగ్గరికి వెళ్లాడు. ఆమె పో అనలేదు, వద్దు అనలేదు.

"నన్నెందుకు అడుగుతవ్ బిడ్డా? ఆయననే అడుగు. తొవ్వ మొత్తం ఒక్కపారే చూపెట్టడు. ముంగటి అడుగు చూపెడ్తడు. గది ఏసినంక ఇంకోటి."

రోజూ తెల్లవారుజామున పనికి పోయే ముందు పర్శరాములు మోకరించి అడిగేవాడు. ఏ గొంతూ వినబడలేదు, కలా రాలేదు. అడగడం మానలేదు. జవాబు రాకపోయినా అడిగి లేచిన రోజు మనసు కాస్త నిలకడగా ఉండేది. దాన్ని పట్టుకునే పనికి పోయేవాడు.

ఒక మధ్యాహ్నం యాదవ్వ ఉరుకుతూ సాంచాల షెడ్డుకు వచ్చింది. తాను నల్లా నీళ్లకు పోయి వచ్చేసరికి అత్త ఇంట్లో లేదంది. పర్శరాములు ఒంటి నిండా దూది నలుసులతోనే బస్టాండుకు పరుగెత్తాడు. శంకరవ్వ అక్కడే ఉంది. చంకలో చిన్న మూట. కొండగట్టు మీదుగా పోయే జగిత్యాల బస్సు తలుపు కమ్మీని రెండు చేతులా పట్టుకుని ఒక కాలు మెట్టు మీద పెట్టింది. రెండో కాలు లేవడం లేదు. వెనక జనం తోస్తున్నారు. కండక్టరు జల్ది ఎక్కమని విసుక్కుంటున్నాడు.

ఆ కాలు చూడగానే పర్శరాములు లోపలి గందరగోళం అణిగిపోయింది. అయ్యగారి మాట తప్పని కాదు, అన్న మాట ఒప్పని కాదు. ముందరి అడుగు ఏదో తెలిసింది, అంతే. తల్లిని రెండు చేతులా ఎత్తి బస్సెక్కించాడు. వెనకే వచ్చిన యాదవ్వకు కిటికీలోంచి చెప్పాడు, పొద్దుగూకేసరికి వస్తామని. శంకరవ్వ కొడుకు ముఖంలోకి ఒకసారి చూసి, ఏమీ అడగకుండా కొంగుతో అతని భుజాల మీది దూది దులిపింది.

కొండ కింద దిగాక తల్లిని వీపున వేసుకుని మెట్లెక్కాడు. ఆమె బరువేమీ లేదు గానీ ఎండ మాడుస్తోంది. సగం దారిలో సిరిసిల్లవాడే ఒకడు ఎదురొచ్చి, ఎట్టకేలకు సొంత దేవుడి దగ్గరికే వచ్చినవని నవ్వాడు. జవాబు చెబితే తగువవుతుందని పర్శరాములు తల వంచుకుని ఇంకో మెట్టెక్కాడు.

పైన మంగలి ముందు తల్లిని దించాడు. ఆమె కొడుకు చెయ్యి పట్టుకుని కూర్చోమంది. ఇన్నాళ్లూ అతను భయపడింది ఈ ఘడియకే. ప్రభువా, మాట నువ్వే ఇయ్యమని మనసులో అడిగి, ఆమె ముందు గొంతుక్కూర్చున్నాడు.

"అవ్వా, నువ్వు యాడికి రమ్మన్నా ఎత్తుకొని వస్త. ఇంక మల్లా రమ్మన్నా వస్త. నా తల మాత్రం ఇయ్యలేను. నాకు యేసయ్యే మంచిగ చేసిండని నమ్మి బతుకుతున్న. లోపల ఒకటి పెట్టుకొని పైకి ఇంకోటి చేస్తే నిన్ను మోసం చేసినట్టే అయితది."

శంకరవ్వ కళ్లు నిండాయి. ఆమె ఏడుస్తుందని, శపిస్తుందేమోనని కూడా అతను అనుకున్నాడు. చివరికి ఆమె కొప్పు ముడి విప్పుకుంది.

"మొక్కింది నేను గదా కొడుకా. నా మొక్కు నేనే చెల్లిస్త. అంజన్న నా మాట ఇనకపోతడా?"

మంగలి తటపటాయించి, ఆమె గట్టిగా చెప్పాక నీళ్లు చల్లాడు. తల్లి ఒరిగిపోకుండా పర్శరాములు వెనక నుంచి భుజాలు పట్టుకున్నాడు. తెల్లటి వెంట్రుకలు అతని చేతుల మీద పడ్డాయి. గుడి గడప దాకా నడిపించాక, దర్శనానికి పోతున్న ధర్మపురి నుంచి వచ్చిన ఒకామె అవ్వను తాను పట్టుకుంటానంది. అతను బయటే నీడలో నిలబడి తల్లి కోసం ప్రార్థన చేసుకున్నాడు. ఇక్కడ నిలబడి చేయవచ్చా అన్న అనుమానం కూడా రాలేదు.

బయటికి వచ్చినప్పుడు శంకరవ్వ ముఖం ఏళ్ల భారం దించుకున్నట్టుంది. ప్రసాదం కొంగున కట్టుకుంటూ, నువ్వు తినవు గదా, పక్కింటి రామవ్వకిస్తలే అంది. దిగేటప్పుడు అతని చెవి దగ్గరగా అన్నది:

"ఎవలు మంచిగ చేసిన్రో పైనోళ్లకే ఎరుక. నువ్వు మంచిగున్నవు. నాకింక ఫికర్ లేదు."

అతను వాదించలేదు. ఒప్పుకోనూ లేదు.

ఆదివారం అయ్యగారు అడగకముందే పర్శరాములు సంఘంలో లేచి జరిగింది జరిగినట్టు చెప్పాడు. కొందరు ముఖం తిప్పుకున్నారు. అయ్యగారు, నేనైతే పోయేవాణ్ణి కాదు, కానీ నువ్వు దాచలేదు అన్నారు. కొంతకాలం అతనికి ప్రార్థన నడిపించే వంతు ఇవ్వలేదు. అతను నొచ్చుకున్నాడు, అయినా వెనక బెంచీలో కూర్చుని ప్రతి వారం వచ్చాడు. దసరాకు ముందు అయ్యగారే పిలిచి వంతు తిరిగి ఇచ్చారు.

వెంకటి మళ్లీ వచ్చినప్పుడు, సంగతి విని, మరి నా మాటకు జవాబేదని నవ్వుతూనే అడిగాడు.

"గా దినాలు నాకు యాదికి లేవన్నా. దాని మీద నీతోని కొట్లాడను. నిరుడు బస్టాండుల నన్ను ఎవలు నడిపించిన్రో మాత్రం ఎరుకే" అన్నాడు పర్శరాములు.

వెంకటి ఇంకేదో అనబోతుండగా, పిల్లలు పడుకున్నారు, నెమ్మదిగా మాట్లాడమని లోపలి నుంచి తల్లి ఇద్దరినీ కసిరింది. అన్నదమ్ములు అరుగు మీద చాప పరుచుకుని భీవండి ముచ్చట్లలో పడ్డారు.